నిప్పు ముందు నాయకుడెవరు?

మనుషుల మీద అధికారం లభించడం వరమా, భారమా? మసీదు కమిటీ ఎన్నిక వచ్చినప్పుడో, వార్డు ఎన్నికలు వచ్చినప్పుడో ఈ ప్రశ్న మన ఇళ్ళలో వినిపిస్తుంది. పూలదండల మధ్య, మైకుల ముందు దీనికి సరైన జవాబు దొరకదు. ఒక ఇల్లు తగలబడుతున్నప్పుడు, రోడ్డు మీద ఒక మనిషి రక్తం కారుతూ పడి ఉన్నప్పుడు మాత్రం జవాబు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. అక్కడ ఎవరు ముందుకు వెళతారు, ఎవరు ఇతరులను ముందుకు నెడతారు, ఎవరు ఫోను తీసి వీడియో తీస్తారు అన్నది క్షణాల్లో తేలిపోతుంది.

పెర్కిట్‌నే తీసుకుందాం. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరును ఆనుకుని ఉన్న ఈ ఊరు ఇప్పుడు ఆర్మూరు పురపాలక సంఘంలో భాగం. 44వ, 63వ జాతీయ రహదారులు కలిసేది ఈ ప్రాంతంలోనే. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే లారీలు, నిజామాబాద్ నుంచి జగిత్యాల వైపు వెళ్ళే బస్సులు రాత్రింబవళ్ళు ఇటుగానే పోతాయి. జనవరి నుంచి మార్చి దాకా పసుపు పంట చేతికొచ్చే కాలం. పొలాల్లో కొమ్ములు ఉడకబెట్టడానికి మంటలు వేస్తారు, కళ్ళాల్లో ఆరబోస్తారు, గోనె సంచులకెత్తి గోదాముల్లో పేరుస్తారు. ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. తునికాకు, పొగాకు, ఎండిన గోనె సంచి, మండుటెండ, అన్నీ ఒక్కచోట. పైగా ఈ ప్రాంతపు ఇళ్ళలో చాలామంది మగవాళ్ళు దుబాయిలోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో ఉంటారు. ఆపద తలుపు తట్టిన రాత్రి ఇంట్లో ఉండేది తల్లి, అత్త, చిన్నపిల్లలు.

అలాంటి రాత్రి వచ్చే ఫైరింజన్‌లో ఒక ఉద్యోగి ఉంటాడు. ఆయన హోదా పేరు ‘లీడింగ్ ఫైర్‌మన్’. పెద్ద అధికారి కాడు. ఊళ్ళో చాలామందికి ఆయన పేరు కూడా తెలియదు. తన వెంట వచ్చిన నలుగురైదుగురిలో ఎవరు లోపలికి వెళ్ళాలో, ఎవరు పైపు పట్టాలో, ఎవరు బయటే ఆగాలో చెప్పేది మాత్రం చాలాసార్లు ఆయనే. ఆ మాట మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఇంకొకరి ప్రాణాన్ని నిప్పులోకి పంపే హక్కు ఒక మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది? మేము ఈ వ్యాసంలో ఆలోచించదలచింది ఈ ఒక్క ప్రశ్న గురించే.

హదీసు గ్రంథాలలో ఈ ప్రశ్నకు సూటిగా తగిలే సంఘటన ఒకటి ఉంది. హజ్రత్ అలీ (రజి) దానిని ఉల్లేఖించారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక చిన్న దళాన్ని పంపిస్తూ అన్సార్‌లలో ఒకరిని దానికి అమీరుగా నియమించారు. ఆయన మాట వినమని దళంలోని వారిని ఆదేశించారు. దారిలో ఏదో విషయంలో ఆ అమీరుకు కోపం వచ్చింది. కట్టెలు పోగు చేయించాడు, నిప్పు పెట్టించాడు. తన మాట వినమని ప్రవక్త (స) మీకు చెప్పలేదా అని అడిగాడు. చెప్పారన్నారు వాళ్ళు. అయితే ఈ మంటలోకి దూకండి అన్నాడు. కొందరు నిజంగానే సిద్ధపడ్డారు. మిగిలినవారు వారిని పట్టుకుని ఆపారు. మేము ప్రవక్త (స) వద్దకు పరుగెత్తి వచ్చిందే నిప్పు నుంచి తప్పించుకోవడానికి కదా అన్నారు. ఈలోగా మంట చల్లారింది, అమీరు కోపమూ చల్లారింది. విషయం తెలిసిన ప్రవక్త (స), వారు గనక అందులోకి దిగి ఉంటే ఇక ఎన్నటికీ బయటపడి ఉండేవారు కాదన్నారు. విధేయత అనేది మంచిపనిలోనే తప్ప చెడులో ఉండదని స్పష్టం చేశారు (బుఖారీ, ముస్లిం).

ఆ అమీరు దొంగతనంగా పదవి సంపాదించినవాడు కాదు. స్వయంగా ప్రవక్త (స) నియమించిన వ్యక్తి. ఆయన మాట వినాలన్న ఆజ్ఞ కూడా స్పష్టంగా ఉంది. అంతటి నియామకం కూడా మనుషుల్ని ఉత్తి పుణ్యానికి నిప్పులోకి పంపే హక్కును ఇవ్వలేదు. ఆ రోజు సరైన నాయకత్వం అమీరు దగ్గర లేదు, పక్కవాడి చేయి పట్టుకుని వెనక్కి లాగిన మామూలు సిపాయిల దగ్గర ఉంది. ఆ సిపాయిల పేర్లు కూడా మనకు తెలియవు.

అలాగని నాయకుడి పని ఎప్పుడూ ఆపడమేనా? కాదు. మదీనాలో ఒక రాత్రి పెద్ద శబ్దం వినిపించి జనం హడలిపోయారు. శత్రువు మీదపడ్డాడేమోనని అనుకున్నారు. కొందరు ధైర్యం కూడదీసుకుని శబ్దం వచ్చిన దిక్కుకు బయలుదేరారు. వాళ్ళు సగం దారిలో ఉండగానే ప్రవక్త (స) ఎదురు వస్తూ కనిపించారు. ఆయన అప్పటికే అక్కడికి వెళ్ళి, చూసి, తిరిగి వస్తున్నారు. హజ్రత్ అబూ తల్హా (రజి) గారి గుర్రం మీద, జీను కూడా వేయకుండా, మెడలో కత్తి వేలాడుతుండగా వెళ్ళారు. భయపడకండి, భయపడకండి అని జనానికి ధైర్యం చెప్పారు. ఈ సంగతి హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). ఆ గుర్రం నిజానికి నెమ్మదిగా నడిచేదని పేరు. ఆ రాత్రి అది సముద్రంలా సాగిందని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. మేము ఈ హదీసు చదివిన ప్రతిసారీ ఆ జీను దగ్గర ఆగిపోతాం. జీను వేసేంత ఆలస్యం కూడా ఆయన చేయలేదు.

ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక అమీరు తాను ఒడ్డున నిలబడి ఇతరులను మంటలోకి పొమ్మన్నాడు. ప్రవక్త (స) ఎవరినీ పొమ్మనకుండా తానే ముందు వెళ్ళి చూసి వచ్చారు. ప్రమాదం సంగతి తెలుసుకునే భారాన్ని తన మీద వేసుకున్నవాడికే ఇతరులను అందులోకి రమ్మనే అర్హత ఉంటుంది. ఇది మాకు తోచిన మొదటి జవాబు.

కానీ ఇది సగం జవాబే. ముందు వెళ్ళడం ఒక్కటే చాలదని చెప్పే ఒక రోజు మన దేశ చరిత్రలోనే ఉంది. ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక సిబ్బంది అమరులను స్మరించుకుంటారు, ఆ వారమంతా ఊళ్ళలో అవగాహన ప్రదర్శనలు పెడతారు. దాని వెనుక కథ 1944 నాటిది. బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ఆగి ఉంది. అందులో దూది బేళ్ళు, వాటితో పాటు వందల టన్నుల మందుగుండు సామగ్రి. మధ్యాహ్నం దూదికి నిప్పంటుకుంది. అగ్నిమాపక దళం వచ్చింది, పైపులు దించింది, నీళ్ళు కుమ్మరించింది. అదే సమయంలో ఓడను అక్కడికక్కడే ముంచేయాలా, రేవు నుంచి సముద్రంలోకి లాగేయాలా, ఇలాగే నీళ్ళు పోస్తూ ఉండాలా అన్న విషయంలో అక్కడి అధికారులు ఒక్క మాట మీదికి రాలేకపోయారు. ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. నాలుగు గంటలు దాటగానే ఓడ పేలిపోయింది. పైపులు వదలకుండా నిలబడ్డ అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలాది మంది పౌరులూ చనిపోయారు.

ఆ 66 మంది ధైర్యాన్ని ఎవరూ శంకించలేరు. వాళ్ళు ముందుకు వెళ్ళినవాళ్ళే. కొరవడినది నిర్ణయం. ‘అందరూ వెనక్కి రండి’ అనే ఒక్క మాటను సకాలంలో అనగలిగినవాడు ఆ రేవులో లేకపోయాడు. సేవ చేసేవాళ్ళు ఎందరున్నా, వారి ప్రాణాల లెక్క తన మీద ఉందని భావించేవాడు లేకపోతే ఆ సేవ ఇలాగే వృథాగా కాలిపోతుంది.

ఈ విషయంలో సహాబాల కాలం నుంచి మనకు దొరికే పాఠం మరింత లోతైనది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు సిరియాకు బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందు ప్రాంతంలో ప్లేగు చెలరేగిందని కబురొచ్చింది. ఆయన ముహాజిర్లను పిలిచి అడిగారు, తరువాత అన్సార్లను, ఆ తరువాత ఖురైష్ పెద్దలను. అభిప్రాయాలు విన్నాక తన వెంట ఉన్నవారిని వెనక్కి మళ్ళించాలని నిర్ణయించారు. సిరియా సైన్యాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడ్డుచెప్పారు, దైవ నిర్ణయం నుంచి పారిపోతారా అని ప్రశ్నించారు. ఒక దైవ నిర్ణయం నుంచి మరొక దైవ నిర్ణయం వైపే పోతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒక పక్క పచ్చిక ఉండి, ఇంకో పక్క బీడు ఉంటే, ఒంటెల్ని ఏ పక్కన మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని వివరించారు. తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, మహమ్మారి ఉన్న ఊరికి వెళ్ళవద్దని, తామున్న ఊరికి వస్తే అక్కడి నుంచి పారిపోవద్దని ప్రవక్త (స) చెప్పగా విన్నానని తెలిపారు (బుఖారీ, ముస్లిం).

ఇక అబూ ఉబైదా (రజి) సంగతి. ఆయన సిరియాలో తన సైన్యంతోనే ఉండిపోయారు. ఆయనను ఎలాగైనా రప్పించాలని ఉమర్ (రజి) కబురు పంపినా, తన వెంట ఉన్న ముస్లిం సైనికులను విడిచి రాలేనని మర్యాదగా చెప్పారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ 18లో ఆ ప్లేగులోనే ఆయన మరణించారు.

ఒకరు వెనక్కి మళ్ళారు, ఒకరు కదలలేదు. ఎవరు సరైన నాయకుడు? మా అభిప్రాయంలో ఇద్దరూ. ఉమర్ (రజి) వెంట ఉన్నవారు ఇంకా ప్రమాదంలోకి అడుగు పెట్టలేదు, వారిని ఆపడమే ఆయన బాధ్యత. అబూ ఉబైదా (రజి) వెంట ఉన్నవారు అప్పటికే ప్రమాదంలో ఉన్నారు, వారిని వదిలి తాను మాత్రం క్షేమంగా బయటపడటం ఆయనకు ద్రోహంగా తోచింది. తన ప్రాణం మీద తీపితో ఆగినవాడిని, ఇతరుల ప్రాణాల మీద బాధ్యతతో ఆగినవాడిని పైనుంచి చూస్తే ఒక్కలాగే కనిపిస్తారు. తేడా హృదయాలను ఎరిగిన ప్రభువుకే తెలుసు. అందుకే మంట దగ్గర ఆగిన లీడింగ్ ఫైర్‌మన్‌ను చూసి ‘జీతం తీసుకుని భయపడుతున్నాడు’ అని గుంపులోంచి అరిచేవారు ఒక్క క్షణం ఆలోచించాలి. పైకప్పు ఎప్పుడు కూలుతుందో, లోపల గ్యాసు బండ ఉందో లేదో, శ్వాస పరికరంలో గాలి ఎంతసేపు వస్తుందో ఆయన లెక్కవేసుకుంటూ ఉంటాడు. ఆ లెక్క గుంపుకు వినపడదు.

మరి ఎవరూ ఆజ్ఞాపించకుండానే ముందుకు దూకినవాడి మాటేమిటి? 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేకపోయింది. గంటలు గడిచాయి. చివరికి హర్యానా నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఒక ముస్లిం డ్రైవరు తన జేసీబీని వరదనీటిలోకి నడిపి వారిని ఒడ్డుకు చేర్చాడు. పోతే తనదొక్క ప్రాణం, తిరిగొస్తే తొమ్మిది ప్రాణాలు అన్న భావం వచ్చేలా మాట్లాడి బయలుదేరాడు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని దివ్యఖుర్‌ఆన్ ‘అల్ మాయిదా’ సూరా 32వ ఆయతులో బోధిస్తుంది. ఆ భావం మున్నేటి నీళ్ళలో కదులుతూ కనిపించింది.

అయితే మనం జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. ఆ డ్రైవరు పందెం కట్టింది తన ప్రాణాన్ని. ఆ యంత్రం రోజూ తన చేతిలో ఆడేది. ఒడ్డున నిలబడ్డ ఏ అధికారైనా, ఏ నాయకుడైనా ‘నువ్వు వెళ్ళు’ అని అతణ్ణి ఆజ్ఞాపించి ఉంటే అది న్యాయమా? కాదనే అంటాం. తన ప్రాణాన్ని ఒడ్డడం త్యాగం. ఇంకొకరి ప్రాణాన్ని ఒడ్డించడం వేరే విషయం, దానికి రేపు ప్రళయదినాన విడిగా లెక్క చెప్పుకోవాలి. మనలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తన మంద గురించి ప్రశ్నించబడతారు అన్న ప్రవక్త (స) బోధన అందరికీ కంఠతా వచ్చు. నిప్పు దగ్గర దాని అర్థం ఇదే.

ధైర్యం ఒక్కటే గట్టెక్కించలేదని 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దుర్ఘటన చూపించింది. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, తెల్లవారి జనం ఇంకా లేవకముందే ఒక పాత ఇంటికి నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన నివాసం, పోవడానికి రావడానికి ఒకటే ఇరుకు దారి. ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది చిన్నారులు. చాలామందిని బలిగొన్నది మంట కాదు, పొగ. ఆ ఇంటివారు హిందువులు. పరుగెత్తి వచ్చిన పొరుగువారిలో ముస్లిం యువకులు ఉన్నారు. లోపలికి పోవడానికి గోడ పగలగొట్టారు. వాళ్ళ గుండెల్లో లోటు లేదు. కానీ పొగలో ఊపిరి ఆడనిచ్చే పరికరం వాళ్ళ దగ్గర లేదు, ఆ ఇంటికి రెండో దారి లేదు. అల్లాహ్ వారి శ్రమకు ప్రతిఫలం ఇవ్వుగాక.

మంట వచ్చాక చూపే ధైర్యం కన్నా మంట రాకముందు చేసే చిన్న పని ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయింది. ఆ సంగతి విన్న ప్రవక్త (స), ఈ నిప్పు మీకు శత్రువు, పడుకునేముందు దానిని ఆర్పేయండి అన్న అర్థంలో హెచ్చరించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) దీనిని ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). మరో హదీసులో ఎలుక దీపపు వత్తిని లాక్కెళ్ళి ఇంటికి నిప్పు పెట్టే ప్రమాదం గురించి కూడా చెప్పారు. తౌహీదును, పరలోకాన్ని బోధించిన నోటితోనే ఎలుక గురించి, వత్తి గురించి కూడా చెప్పారు చూడండి. ఇప్పుడు మన ఇళ్ళలో వత్తి దీపాలు లేవు. గ్యాసు బండ రెగ్యులేటరు ఉంది, రాత్రంతా ఛార్జింగు పెట్టి వదిలేసే ఫోనూ స్కూటరు బ్యాటరీ ఉన్నాయి. పడుకునేముందు రెగ్యులేటరు కట్టేయడం ఆ సున్నత్‌కు ఈ కాలపు రూపమే అని మేము భావిస్తాం.

ఇక రోడ్డు మీది సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. తరువాత రాష్ట్రమంతా, దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు పాకింది. బండిలో ఇద్దరుంటారు. వైద్యం చూసే ఈఎంటీ, బండి నడిపే పైలట్. పెర్కిట్ దగ్గర ప్రమాదం జరిగి గాయం తీవ్రమైతే నిజామాబాద్ పెద్దాసుపత్రికి సుమారు పాతిక కిలోమీటర్లు. ఆ పాతిక కిలోమీటర్లూ ఆ క్షతగాత్రుడికి తల్లీ తండ్రీ వాళ్ళిద్దరే. అతడి మతం ఏమిటో, ఏ పార్టీవాడో, తాగి ఉన్నాడో లేదో వాళ్ళు అడగరు.

జీతానికి చేసే పని సేవ ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. మాకు ఈ ప్రశ్నలో అహంకారం కనిపిస్తుంది. హజ్రత్ మూసా (అలై) మద్‌యన్ నీటిచెలమ దగ్గరికి అలసి చేరుకున్నప్పుడు, జనం గుమిగూడి నీళ్ళు తోడుకుంటుంటే ఇద్దరు ఆడపిల్లలు తమ మందను వెనక్కి ఆపుకుని నిలబడి ఉన్నారు. ఆయన ప్రతిఫలమేమీ అడగకుండా వారి మందకు నీళ్ళు పెట్టి, నీడలోకి వెళ్ళి కూర్చుని, ప్రభువును వేడుకున్నారు. తరువాత ఆ పిల్లల తండ్రి తమకు చేసిన పనికి ప్రతిఫలం ఇస్తానని పిలిపించాడు. మూసా (అలై) వెళ్ళారు. ఈ వృత్తాంతం ‘అల్ ఖసస్’ సూరాలో ఉంది. ముందు సేవ, తరువాత కూలి. కూలి తీసుకున్నందున సేవ పుణ్యం చెడలేదు. చెడేది సంకల్పం చెడినప్పుడే. ఇంకో మాట. కార్మికుడి చెమట ఆరకముందే అతడి కూలి ఇచ్చేయమని ప్రవక్త (స) చెప్పినట్లు ఇబ్నె మాజా గ్రంథంలో ఉంది. కాంట్రాక్టు మీద పనిచేసే అంబులెన్సు సిబ్బంది జీతాల కోసం సమ్మె చేయాల్సి వచ్చిన సందర్భాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. ‘దేవుడిలా వచ్చాడు’ అని పొగిడి, వాళ్ళు వేతనం అడిగితే ముఖం తిప్పుకునే సమాజం ఎలాంటిది?

‘జాతి నాయకుడంటే జాతికి సేవకుడే’ అనే మాట మన జల్సాల్లో తరచూ హదీసుగా వినిపిస్తుంది. దాని ఉల్లేఖన పరంపర బలహీనమని హదీసువేత్తలు చెప్పారు, కనుక దాని మీద మేము వాదన కట్టం. ఉమర్ (రజి) పిండి మూటను తన వీపు మీద మోసుకెళ్ళిన కథ పాఠకులకు తెలిసిందే, మళ్ళీ చెప్పం. దానికంటే మనం తక్కువగా తలచుకునే ‘అల్ కహఫ్’ సూరాలోని జుల్ఖర్నైన్ గాథ ఇక్కడ ఎక్కువ ఉపయోగం. దుర్మార్గుల బెడద నుంచి కాపాడమని ఒక జాతి ఆయనను వేడుకుంది. అడ్డుగోడ కడితే సొమ్ము ఇస్తామంది. తన ప్రభువు ఇచ్చిందే తనకు మేలైనదని, వారి సొమ్ము వద్దని, చేతి బలంతో సాయపడమని ఆయన కోరాడు. ఇనుప పలకలు తెమ్మన్నాడు, కొలిమి ఊదమన్నాడు, కరిగిన రాగి పోశాడు. బలహీనుల కోసం గోడ కట్టిన నాయకుడు ఆ బలహీనులనే పనిలో నిలబెట్టాడు. చందా రాసి చేతులు దులుపుకునే అవకాశం వారికివ్వలేదు.

మన ఇళ్ళకు సంబంధించిన మాట ఇక్కడే వస్తుంది. ఊరిలో కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరే, ఎవరూ చేయకపోతే అందరూ దోషులయ్యే విధిని ఫర్జె కిఫాయా అంటారు. జనాజా నమాజు అంటే మనకు వెంటనే గుర్తొచ్చే ఉదాహరణ. ఇమామ్ గజాలీ (రహ్మ) తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే వైద్యాన్ని కూడా ఈ కోవలో చేర్చారు. అందరూ ఫిఖహ్ చర్చల వెంటపడి, ముస్లిం వైద్యుడే లేని ఊళ్ళు ఉన్నాయని తన ‘ఇహ్యా’ గ్రంథంలో బాధపడ్డారు. ఆ బాధను పెర్కిట్ వీధుల్లో పెట్టి చూద్దాం. మన మొహల్లాలో స్పృహ తప్పినవాడి ఛాతీని సరిగ్గా నొక్కడం వచ్చినవారు ఎందరు? రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలని, మెడ దెబ్బతిన్నవాడిని ఎత్తి ఆటోలో కుదించి పడేయకూడదని, తెలివి లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదని ఎందరికి తెలుసు? పసుపు పండే ఊరు కదా, కాలిన గాయానికి చాలా ఇళ్ళలో మొదట పూసేది పసుపే. పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏదీ పూయకూడదు. చల్లని మంచినీటిని ఇరవై నిమిషాల పాటు ధారగా పోయాలి. పొగ నిండిన గదిలో నిలబడి పరుగెత్తకూడదు, నేలకు వంగి పాకాలి. ఒంటి మీది బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద దొర్లాలి.

ఇవి నేర్చుకోవాల్సింది యువకులే అనుకుంటాం. కానీ మగవాళ్ళు గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో మొదటి అగ్నిమాపక సిబ్బంది ఆ ఇంటి ఇల్లాలే. ప్రవక్త (స) కాలంలో హజ్రత్ రుఫైదా (రజి) మస్జిదె నబవీలో వేసిన గుడారంలో క్షతగాత్రులకు వైద్యం చేశారు. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) యుద్ధాల్లో తాము నీళ్ళు అందించామని, గాయపడ్డవారికి చికిత్స చేశామని చెప్పినట్లు బుఖారీలో ఉంది. మన ఆడపడుచులకు ఇది కొత్త పని కాదు, మరచిపోయిన పని.

ప్రమాదంలో పడినవాడిని ఆసుపత్రికి చేరిస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం ఇంకా పోలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షను మంచి మనసుతో సాయం చేసినవారికి రక్షణ కల్పించింది. సాక్షిగా ఉండమనో, పేరు చెప్పమనో వారిని బలవంతపెట్టకూడదు. దారిలోని ముల్లును తీసేయడం కూడా విశ్వాసంలో భాగమని నేర్చుకున్న మనం, దారిలో పడి ఉన్న మనిషిని దాటి పోవడానికి ఇక చట్టాన్ని సాకుగా చూపలేం.

ఫైరింజన్‌కు 101, అంబులెన్సుకు 108, రెండింటికీ 112 అని పిల్లలకు నేర్పిన తరువాత కూడా ఒక పని మిగులుతుంది. అది మసీదు కమిటీ పెద్దలది. ఆర్మూరు కేంద్రం నుంచి బయలుదేరిన ఫైరింజన్ మన వీధి మలుపు దగ్గర ఆగిపోతే, ఎంత గొప్ప లీడింగ్ ఫైర్‌మన్ ఉన్నా ఏం చేస్తాడు? బండి వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. వీధిలోకి ముందుకు జరిపి కట్టిన అరుగు, నెలల తరబడి కదలని పాత కారు, వలీమా కోసం దారికి అడ్డంగా వేసిన షామియానా గుంజలు ఆ రెండున్నర మీటర్లలోంచే వస్తాయి. వచ్చే జుమా నమాజు తరువాత కమిటీవారు రెండున్నర మీటర్ల తాడు ఒకటి తీసుకుని, మసీదు గేటు దగ్గర మొదలుపెట్టి, వీధి చివరి ఇంటిదాకా కొలుచుకుంటూ నడిచి చూడవచ్చు. ఎక్కడ తాడు పట్టలేదో ఆ ఇంటివారితో మాట్లాడవచ్చు. ఆ అరుగు కమిటీ అధ్యక్షుడిదే అయితే అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.